పదవ తరగతి ఉత్తీర్ణత: షరతు ఒక్క విద్యార్థికేనా?

పదవ తరగతి ఉత్తీర్ణతా పత్రము మన ప్రాంతములో కేవలము ఒక కాగితము కాదు. అది పుట్టిన తేదీకి సాక్ష్యము. ఇంటర్మీడియట్‌కు, పాలిటెక్నిక్‌కు, ఐ.టి.ఐ.లోని పెక్కు శిక్షణలకు అది ప్రవేశద్వారము. తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగములను వ్రాతపరీక్ష లేకుండ, పదవ తరగతి మార్కుల వరుసను బట్టియే ఇచ్చుచున్నారు. గల్ఫ్ దేశములకు పోవు యువకునికి సైతము ఈ పత్రము విలువ తెలియును. పదవ తరగతి ఉత్తీర్ణుడైనవాని పాస్‌పోర్టుపై వలస తనిఖీ నిబంధన ఉండదు. ఆ పత్రము లేని కూలి సౌదీ అరేబియాకో, కువైటుకో, ఖతరుకో పోవలెనన్నచో ప్రత్యేకముగా అనుమతి పొందవలసియుండును. ఒకే వాడలో పుట్టి, ఒకే బావి నీరు త్రాగి పెరిగిన ఇద్దరి నడుమ జీవితకాలపు తేడాను తెచ్చిపెట్టగల శక్తి ఈ ఒక్క పత్రమునకు ఉన్నది.

ఇట్టి పత్రమును పొందుటకు విధించిన షరతులు న్యాయమైనవా, అవి ఎవరికి ఎంత భారముగా నున్నవి అను ప్రశ్న విద్యార్థులమైన మనకును, మన కళాశాల పాలక సంఘమునకును సంబంధించినదే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతముల నుండి వచ్చు విద్యార్థులందరును ఈ ద్వారము దాటి వచ్చినవారే. దాటలేక ఆగిపోయినవారు మన తరగతి గదులలో కనిపించరు. కనిపించనివారి మాట ఎత్తువారు తక్కువ గనుకనే ఈ వ్యాసము.

ముందుగా సంతోషకరమైన సంగతి చెప్పుకొందము. 2025 ఏప్రిల్ 30న వెలువడిన పదవ తరగతి ఫలితములలో రాష్ట్రము మొత్తము మీద 92.78 శాతము మంది ఉత్తీర్ణులైరి. జిల్లాలన్నిటిలో ప్రథమస్థానము మన మహబూబాబాద్‌కు లభించినది. ఆ జిల్లా ఉత్తీర్ణత 99.29 శాతము. చివరి స్థానములో నిలిచిన వికారాబాద్ జిల్లాకు 73.97 శాతము వచ్చినది. జనాభాలో మూడవ వంతుకు పైగా గిరిజనులున్న జిల్లా, 2016 అక్టోబరు 11న క్రొత్తగా ఏర్పడిన జిల్లా, రాష్ట్రమునకంతకును మొదట నిలుచుట ఉపాధ్యాయుల కృషికిని, పిల్లల పట్టుదలకును నిదర్శనము. వెనుకబడిన ప్రాంతమను మాటను ఇకనైనను మన నోట పలుకకుండుట మంచిది.

అయితే శాతమును చూచి మురిసిపోవుటకు ముందు, ఆ శాతము దేనికి శాతము అని అడుగవలెను. పరీక్ష వ్రాసినవారిలో ఎందరు గట్టెక్కిరో అది చెప్పును. పరీక్షదాక రానివారు ఎందరో అది చెప్పదు. 2010 ఏప్రిల్ నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగు సంవత్సరముల వయస్సు వరకే వర్తించును. అనగా ఎనిమిదవ తరగతితో దాని రక్షణ తీరిపోవును. తొమ్మిది, పది తరగతులలో పిల్లవాడు మిరపతోటకు పోయినను, మెకానిక్ దుకాణములో చేరినను, ఆడపిల్లకు పెండ్లి సంబంధము చూచినను, ఆ లెక్క ఉత్తీర్ణతా శాతములో చేరదు. ఎక్కడ వడపోత ముందే జరిగిపోవునో అక్కడ ఫలితము మరింత మెరుగుగా కనిపించుట కూడ కలదు. ఇది ఏ ఒక్క జిల్లాను నిందించుటకు చెప్పిన మాట కాదు. శాతమను కొలబద్ద తీరే అట్టిది.

ఇక షరతుల సంగతి. మన రాష్ట్రములో విద్యార్థి ప్రతి విషయములోను నూటికి 35 మార్కులు తెచ్చుకొనవలెను. రెండవ భాషగా హిందీ చదువువారికి 20 మార్కులు చాలును. ఈ చివరి సడలింపును గమనింపుడు. హిందీ ఇంటిలో వినబడని పిల్లలకు ఆ భాష కష్టమగునని ప్రభుత్వము చాలకాలము క్రిందటనే ఒప్పుకొన్నది. భాష విషయములో అందరును ఒకే గీత వద్ద నుండి పరుగు మొదలిడుట లేదను సత్యమునకు అది అధికారిక ముద్ర. ఆ సత్యము మిగిలిన భాషలకు వర్తింపదా?

గత కొన్ని సంవత్సరములలో షరతులు ఎన్నిమారులు మారినవో చూతము. 2012లో మార్కులకు బదులు గ్రేడులు వచ్చినవి. 2020లో కరోనా వలన పరీక్షలు నడుమనే ఆగిపోయి, నమోదైన అయిదు లక్షల పైచిలుకు విద్యార్థులందరు ఉత్తీర్ణులుగా ప్రకటింపబడిరి. 2021లోను అంతే. పదకొండు ప్రశ్నపత్రములు 2022లో ఆరైనవి. 2024 నవంబరులో అంతర్గత మూల్యాంకనమునకున్న 20 మార్కులను తొలగించి, నూరు మార్కులకును వ్రాతపరీక్షయే పెట్టుదుమని ప్రకటించి, విమర్శ రాగానే మరునాడే దానిని మరుసటి సంవత్సరమునకు వాయిదా వేసిరి. 2025 ఫలితములతో మరల మార్కులు వచ్చినవి. ఈ మార్పులలో కొన్ని అవసరమైనవే కావచ్చును. కాని వీటన్నిటిలోను చర్చ ఎంతసేపును పత్రములెన్ని, మార్కులెన్ని అనుటయందే తిరిగినది. పదియేండ్లు బడికి వచ్చిన బిడ్డకు ఏమి తెలిసియుండవలెను, అది తెలియజేయుటకు బడిలో ఏమి ఉండవలెను అను మూలప్రశ్న ప్రక్కకు తొలగినది.

ఈ చర్చ మనకే పరిమితము కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రములో 2003 నుండి హైస్కూలు పట్టా పొందుటకు రాష్ట్రస్థాయి పరీక్షలో ఉత్తీర్ణత తప్పనిసరిగా నుండెడిది. 2024 నవంబరు ఎన్నికలలో అచ్చటి ఓటర్లు ఆ షరతును తొలగించిరి. తొలగింపును కోరిన ఉపాధ్యాయ సంఘములు, ఇంగ్లీషు ఇంటిభాష కాని పిల్లలకును, ప్రత్యేక అవసరములున్న పిల్లలకును ఆ పరీక్ష అడ్డుగోడ అయినదని వాదించెను. వ్యతిరేకించినవారు, ఉమ్మడి పరీక్ష లేనిచో ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క కొలమానము ఏర్పడి, పేద ఊరి పట్టా విలువ తగ్గిపోవునని హెచ్చరించిరి. రెండు వాదములలోను బలమున్నది. మనము నేర్చుకొనవలసినది ఒక్కటి: సంపన్నదేశములో సైతము ఇంటిభాష వేరైన బిడ్డయే షరతు బరువును ముందుగా మోయుచున్నది.

మన నేలమీద ఈ బరువునకు నూరేండ్ల చరిత్ర కలదు. 1917లో నిజాము ఫర్మానాతో సంకల్పింపబడి 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము, భారతీయ భాష అయిన ఉర్దూలో వైద్యము, ఇంజనీరింగు వంటి ఆధునిక శాస్త్రములను సైతము బోధించి దేశమునకు దారి చూపినది. అనువాద విభాగమును నెలకొల్పి శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చినది. అది గర్వించదగిన కార్యమే. అయితే ఆ కాలమున రాజ్యములోని ప్రజలలో దాదాపు సగము మంది తెలుగువారు. పల్లెటూరి తెలుగు బాలునికి ఉన్నత పాఠశాల చదువు పరాయి భాషలో సాగినది. తన భాషలో జ్ఞానము పొందవచ్చునను సూత్రము ఒకరికి వరమైనది. మరొకరికి అదే సూత్రము నిరాకరింపబడినది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో జరిగిన సంఘసంస్కరణ సభలో న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాటాడబోగా సభికులు కొందరు గేలి చేసిరి. ఆ అవమానము నుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగినది. తెలుగు బడి కావలెను, తెలుగు గ్రంథాలయము కావలెను అనునవి ఆ ఉద్యమపు తొలి కోరికలు.

1948 తరువాత చక్రము తిరిగినది. నేడు ఆ స్థానములో ఉర్దూ మాధ్యమపు విద్యార్థి నిలిచియున్నాడు. 2018లో తెలంగాణ శాసనసభ పాఠశాలలన్నిటిలో తెలుగు బోధనను తప్పనిసరి చేయు చట్టము చేసినది. దానికి ముందు సంవత్సరమే, 2017లో, ఉర్దూను రాష్ట్రమంతటికి రెండవ అధికార భాషగా గుర్తించినది. చట్టముల దృష్టిలో రెండు భాషలకును గౌరవము దక్కినది. ఉర్దూ మాధ్యమ పాఠశాల విద్యార్థి ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడింటిని చదివి మూడింటిలోను గట్టెక్కవలెను.

ఈ సందర్భమున మన వర్గములోని కొందరు పెద్దలు, ఉర్దూ విద్యార్థులకు తెలుగు పరీక్ష నుండి పూర్తి మినహాయింపు కోరుచున్నారు. వారి ఆవేదన అర్థమగుచున్నది. కాని వారి కోరికతో నేను ఏకీభవింపజాలను. మినహాయింపు నేడు దయవలె కనిపించి రేపు శిక్షగా మారును. పైన చెప్పిన గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగమునే తీసికొనుడు. స్థానిక భాషను కనీసము పదవ తరగతి వరకు చదివియుండవలెనని దానికి నిబంధన. తెలుగు వదలుకొన్న విద్యార్థికి ఆ తలుపు మూతపడినట్లే. మండల కార్యాలయములో అర్జీ, పోలీసు స్టేషనులో ఫిర్యాదు, ఆసుపత్రిలో చీటీ, భూమి కాగితము, అన్నియు మన ప్రాంతములో తెలుగులోనే నడచుచున్నవి. తెలుగు రానివాడు తన కాగితమును పట్టుకొని ఎవరి చదువు మీదనో ఆధారపడవలెను. తెలుగు మనకు పొరుగువారి భాష మాత్రమే కాదు. అది మన హక్కులు వ్రాసియున్న భాష.

అదే నోటితో తెలుగు మాధ్యమ మిత్రులకును ఒక మాట. తెలుగు తప్పనిసరి అని చట్టము చేసికొన్న రాష్ట్రములోనే, ఇంటర్మీడియట్ చేరగానే మార్కులు సులభముగా వచ్చునని తెలుగును విడిచి సంస్కృతము తీసికొనువారు వేలకొలది కలరు. తమకు అవకాశము చిక్కగానే వదలుకొను భాషను ఉర్దూ పిల్లవాడు మాత్రము ప్రేమింపవలెననుట ధర్మము కాదు. భాషాభిమానము మార్కుల పట్టీతో మొదలై మార్కుల పట్టీతో ముగిసిపోయినచో, షరతు మిగులును గాని భాష మిగులదు.

కావున తెలుగు షరతు ఉండవలెనా వద్దా అనునది నా ప్రశ్న కాదు. షరతు ఉండవలసినదే. కాని షరతు అనునది ఒడంబడిక వంటిది. దానికి రెండు ప్రక్కల సంతకములుండవలెను. విద్యార్థి ఇన్ని మార్కులు తెచ్చుకొనవలెనని ప్రభుత్వము శాసించునప్పుడు, ఆ మార్కులు తెచ్చుకొనుటకు తగిన ఉపాధ్యాయుని, పుస్తకమును, కాలమును ఇచ్చుట ప్రభుత్వము నెరవేర్చవలసిన షరతు. తన వంతు నెరవేర్చక ఎదుటివాని వంతును మాత్రమే అడుగువానిని లోకములో ఏమందురో పాఠకులకు తెలియును.

ప్రభుత్వపు వంతు ఎట్లున్నది? ఉర్దూ మాధ్యమపు ఉపాధ్యాయ ఉద్యోగములలో షెడ్యూల్డు కులములకు, తెగలకు కేటాయించినవి ఆ వర్గములలో ఉర్దూ చదివిన అభ్యర్థులు దొరకక ఖాళీగా మిగులుచున్నవి. ఆ ఖాళీలు తరువాతి నియామకమునకు జరుగును. అప్పుడును అట్లే మిగులును. రిజర్వేషను న్యాయమైనదే, దానిని ఎవరును తప్పు పట్టరాదు. ఆ వర్గముల వారికి నష్టము కలుగకుండ అన్ని ఉద్యోగములను వేరొక మాధ్యమములో వారికి ఇచ్చి, ఉర్దూ ఖాళీలను నింపు మార్గము వెదకుట పాలకులకు అసాధ్యము కాదు. ఈ చిక్కుముడి ఇప్పటిది కాదు. ఉమ్మడి రాష్ట్రము నాటినుండియు ఉన్నదే. ఉపాధ్యాయుడు లేని సంవత్సరములు పిల్లవాని జీవితములో తిరిగి రావు. గణితమునకు గురువు లేని బడిలో చదివినవానిని, గురువున్న బడిలో చదివినవానిని ఒకే గీతతో కొలిచి, మొదటివాడు తెలివి తక్కువవాడని తీర్పు చెప్పుట ఎట్టి న్యాయము?

ఈ మాట ఉర్దూ విద్యార్థులకు మాత్రమే చెందినది కాదు. మహబూబాబాద్ జిల్లా తండాలలోని లంబాడీ బిడ్డ ఇంటిలో మాటాడునది గోర్‌బోలీ. ఆ జిల్లాలోను, భూపాలపల్లి వైపు అడవి పల్లెలలోను కోయ బిడ్డకు కోయభాష. ఈ రెండు భాషలును రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చోటు దొరకనివి. ఆ బిడ్డకు తెలుగే రెండవ భాష, హిందీ మూడవది, ఇంగ్లీషు నాల్గవది. కాని పరీక్షలో తెలుగు అతనికి మొదటి భాష అనబడును, తల్లి ఒడిలో తెలుగు నేర్చిన బిడ్డతో సమానముగా 35 మార్కులు అడుగబడును. ఉర్దూ బిడ్డకు తన భాష పేరైనను పరీక్షాపత్రములో కలదు. తండా బిడ్డకు అదియు లేదు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పింపవలెనని చెప్పు రాజ్యాంగపు 350-ఎ అధికరణము 1956 నుండి ఉన్నది. మన హక్కును గురించి మాటాడునప్పుడు తండాను మరచినచో, మన మాటకు బలము సగమే ఉండును.

ఇందులకు పరిష్కారము ఉత్తీర్ణతాంకమును ఇంకను తగ్గించుటయే అని కొందరందురు. నేనట్లు తలంపను. గీతను దించుట సులభము. దానికి ఖర్చు లేదు. అందుకే పాలకులకు అది ఇష్టము. దించిన గీతను దాటిన విద్యార్థి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరములో బోర్లపడును. పత్రము చేతిలో నుండియు పాఠము తలకెక్కని స్థితి, పత్రము లేని స్థితి కన్న ఎంతో మేలైనది కాదు. 2020, 2021 సంవత్సరములలో పరీక్ష లేకుండ వచ్చినవారికి ఆ ఉత్తీర్ణత ఆ విపత్తులో తప్పనిసరియే. కాని తప్పిపోయిన పాఠములను అది తిరిగి తెచ్చి ఇయ్యలేదు.

చేయవలసినది వేరు. మొదటిది, భాషాబోధనలో మెట్లు ఏర్పరచుట. 2025లో ప్రభుత్వము సి.బి.ఎస్.ఇ. వంటి కేంద్ర బోర్డుల బడులలో తెలుగును అమలుచేయుచు, ఇంటిభాష తెలుగు కాని పిల్లల కొరకు 'వెన్నెల' అను సులభ వాచకమును నిర్ణయించినది. నగరములోని పెద్ద బడుల పిల్లలకు వర్తించిన ఈ వివేకము, జనగామ ఉర్దూ బడికిని గూడూరు తండాకును వర్తింపదనుటకు కారణము లేదు. మొదటి తరగతి నుండి తెలుగును మాటగా నేర్పి, పిదప అక్షరముగా నేర్పి, పదవ తరగతికి వచ్చునప్పటికి అర్జీ వ్రాయగల, వార్తాపత్రిక చదువగల స్థాయికి తేవలెను. పద్యమునకు ప్రతిపదార్థము అడుగుటకు ముందు, ప్రతిదిన వ్యవహారము వచ్చునా అని అడుగవలెను. రెండవది, ఉపాధ్యాయ ఖాళీలున్న పాఠశాలల ఫలితములను వేరుగా ప్రకటింపవలెను. ఏ విషయమునకు గురువు లేడో ఆ విషయములో ఓటమి ఎవరిదో లోకము చూడవలెను. మూడవది, ఎనిమిదవ తరగతిలో ఎందరుండిరి, పదిలో ఎందరు పరీక్ష వ్రాసిరి అను సంఖ్యను ఉత్తీర్ణతా శాతము ప్రక్కనే అచ్చువేయవలెను. అప్పుడే జిల్లాల పోటీ బిడ్డలను బడిలో నిలుపుకొను పోటీగా మారును.

ఇవి ప్రభుత్వము చేయవలసినవి. మన కళాశాల సంఘము చేయగలిగినవియు కలవు. మార్చిలో తప్పినవారు ఆ ఏడే తప్పిన విషయములను మాత్రము తిరిగి వ్రాయుటకు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష ఉన్నది. ఫలితములకును ఆ పరీక్షకును నడుమ దొరకు కొద్ది వారములలో కళాశాల గదులు వేసవి సెలవులతో ఖాళీగా నుండును. ఆ గదులను తెరచి, తప్పిన పిల్లలకు గణితము, తెలుగు, ఇంగ్లీషు చెప్పించుటకు పెద్ద ధనము అక్కరలేదు. మన తెలుగు విద్యార్థులు ఉర్దూ బడి పిల్లలకు తెలుగు చెప్పవచ్చును. మన ఉర్దూ విద్యార్థులు తెలుగు బడి పిల్లలకు లెక్కలు చెప్పవచ్చును. బడి మానివేసి పనిలో చేరినవారికి ఓపెన్ స్కూలు ద్వారా పదవ తరగతి వ్రాయు దారి కలదని వాడవాడకు పోయి చెప్పవచ్చును. మసీదు ముంగిట, తండా చావడిలో ఒక కాగితము అంటించినను అది పెద్ద సేవయే.

రెండు భాషలు భారమని తలంచువారికి మన నేలయే సమాధానము చెప్పును. నేటి మహబూబాబాద్ జిల్లాలోని చినగూడూరులో 1925లో పుట్టిన దాశరథి కృష్ణమాచార్యులు నిజాము కాలపు ఉర్దూ చదువు చదివి, నిజాము పాలననే ఎదిరించి చెరసాలకు పోయిరి. అంతమాత్రమున ఉర్దూను ద్వేషింపలేదు. గాలిబ్ గజళ్లను తెలుగులోనికి తెచ్చి తెలుగు పాఠకుల ఇంటింటికి చేర్చిరి. పాలకుని భాషను బలవంతముగా నేర్చిన బాలుడు, ఆ భాషలోని కవిని ప్రేమతో తన భాషలోనికి తోడ్కొని వచ్చినాడు. అయితే ఒక్క దాశరథిని చూపి అందరును అట్లు కావలెననుట తగదు. ప్రతిభావంతుడు అడ్డుగోడను దూకగలడు. విద్యావ్యవస్థ నిర్మింపవలసినది సామాన్యుడు నడచిపోగల ద్వారమును.

మన ఈ వార్షిక సంచికను ఎడమ నుండి తెరచినవారు తెలుగు చదువుదురు. కుడి నుండి తెరచినవారు ఉర్దూ చదువుదురు. చాలమంది తమ భాష పుటలు అయిపోగానే పుస్తకము మూసివేయుదురు. రాబోవు విద్యార్థులలో కొందరైనను రెండు వైపులను చదువగలవారు కావలెనని కోరుకొందము. దానికి కావలసిన గురువును, పుస్తకమును ఇచ్చిన పిదపనే వారిని పరీక్షించుటకు మనకు హక్కు కలుగును.